వేలికీ తాళానికీ మధ్య: కీలాగర్లపై పాఠకుల ప్రశ్నలు

నెట్ సెంటర్లలో పాస్‌వర్డులు వాడే తీరుపై గత సంచికలో రాసిన నాలుగు ముక్కలకు నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి అనుకున్నదానికన్నా ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం కీలాగర్ గురించే, అంటే మనం నొక్కే ప్రతి మీటనూ మనకు తెలియకుండా రాసిపెట్టుకొనే ప్రోగ్రాం లేదా పరికరం గురించే అడిగాయి. కొందరు పేరు వేయవద్దని కోరినందువల్ల అందరి పేర్లూ వదిలి ఊళ్లు మాత్రం ఉంచాను.

నల్లగొండ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు: మా మనుమరాలి డిగ్రీ సీటు కోసం దోస్త్ దరఖాస్తు నింపడానికి క్లాక్ టవర్ దగ్గరి ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాను. ఫీజు నా బ్యాంకు ఖాతా నుంచి కట్టి, రసీదు నా మెయిల్ నుంచి తీసుకున్నాను. అడ్రసు పక్కన తాళం గుర్తు ఉన్నదా లేదా చూసుకొనే పాస్‌వర్డ్ కొట్టాను. అయినా నాలుగో రోజున నా మెయిల్‌లోకి ఎవరో ప్రవేశించారని హెచ్చరిక వచ్చింది. తాళం వేసి ఉండగా దొంగ ఎట్లా వచ్చాడు?

సార్, మీరు చూసిన తాళం నిజమైనదే, కాని అది వేసి ఉన్నది వేరే తలుపుకు. బ్రౌజరు నుంచి బ్యాంకు సర్వరు దాకా మీ మాటలు గుప్తలిపిలో వెళ్తున్నాయని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది. మీ వేలి నుంచి బ్రౌజరు దాకా ఉన్న దారి మూరెడే అయినా అక్కడ ఏ తాళమూ ఉండదు. కీలాగర్ కాపు కాసేది సరిగ్గా ఆ మూరెడు దారిలోనే.

ఆ దారిలో ఏం జరుగుతుందో చూద్దాం. మీరు మీట నొక్కగానే కీబోర్డు లోపలి చిన్న చిప్పు అడ్డం తీగల్లో ఏది, నిలువు తీగల్లో ఏది కలిశాయో పసిగట్టి, ఆ మీటకు కేటాయించిన సంఖ్యను యూఎస్‌బీ తీగ మీదుగా పంపుతుంది. పంపేది అక్షరాన్ని కాదు, సంఖ్యను. యూఎస్‌బీ ప్రమాణం ప్రకారం ‘ఏ’ (A) అక్షరపు మీట సంఖ్య 4, ‘బీ’ (B) మీట సంఖ్య 5, షిఫ్ట్ నొక్కి ఉన్నదా లేదా అన్న సమాచారం వేరే బైటులో వెళ్తుంది. ఆ సంఖ్యను డ్రైవర్, అంటే కీబోర్డును విండోస్‌కు కలిపే ప్రోగ్రాం, అందుకుంటుంది, విండోస్ దాన్ని అక్షరంగా మార్చి, తెర మీద ముందున్న ప్రోగ్రాముకు అందజేస్తుంది. బ్రౌజరు దాన్ని చుక్కగా చూపించి తన దగ్గర ఉంచుకొని, మీరు లాగిన్ నొక్కిన తరువాతే గుప్తలిపిలోకి మారుస్తుంది. ఆ చుక్కలు మీ భుజం మీదుగా తొంగిచూసేవాడి కోసం పెట్టినవి. కంప్యూటరు లోపల కూర్చున్నవాడికి అక్షరం అక్షరంగానే కనిపిస్తుంది.

లోపల కూర్చోవడానికి పెద్ద మంత్రతంత్రాలు అవసరం లేదు. ఒక ప్రోగ్రాముకు వెళ్లే మీట నొక్కులను మరో ప్రోగ్రాం ముందే చూసే ఏర్పాటును విండోస్ తానే ఇచ్చింది, దాన్ని హుక్ అంటారు. షార్ట్‌కట్ మీటలు పనిచేయించే సాధారణ ప్రోగ్రాములు కూడా దీన్ని వాడుకుంటాయి. కాబట్టి హుక్ పెట్టిన ప్రతి ప్రోగ్రామునూ యాంటీవైరస్ దొంగగా జమకట్టలేదు, చిక్కంతా అక్కడే వస్తుంది. హుక్ పెట్టకుండా క్షణానికి ఎన్నో మార్లు ‘ఏ మీట కింద ఉంది’ అని విండోస్‌ను అడుగుతూ ఉండే రకం మరొకటి. ఇంకా లోతుకు దిగి డ్రైవర్ స్థాయిలోనే నక్కే రకాన్ని పట్టుకోవడం అన్నింటికన్నా కష్టం. ఏ రకమైనా, నొక్కులతో పాటు ఆ సమయంలో ఏ కిటికీ తెరిచి ఉందో కూడా రాసుకుంటుంది కాబట్టి, వేల అక్షరాల కుప్పలో మీ పాస్‌వర్డ్ ఎక్కడుందో వెతుక్కోవడానికి దొంగకు నిమిషం చాలు.

మరో రకానికి మీటలతో పని లేదు. అది బ్రౌజరులోనే కూర్చొని, మీరు నింపిన గళ్లను గుప్తలిపిలోకి మారే క్షణానికి ముందు మొత్తంగా ఎత్తుకుపోతుంది. 2007లో బయటపడి ప్రపంచమంతటా బ్యాంకు ఖాతాలను దోచిన జ్యూస్ (Zeus) అనే ట్రోజన్, అంటే మంచి ప్రోగ్రాంలా నటిస్తూ లోపలికి దూరే దొంగ ప్రోగ్రాం, పేరుమోసింది ఈ పనిలోనే.

మీ విషయంలో కీలాగరే కారణమని ఉత్తరం చూసి ఖాయంగా చెప్పలేను. మెయిల్ నుంచి లాగౌట్ చేయకుండా లేచి రావడం, ‘పాస్‌వర్డ్ భద్రపరచాలా’ అని బ్రౌజరు అడిగితే అవునని నొక్కడం కూడా ఇదే ఫలితాన్ని ఇస్తాయి. కారణం ఏదైనా ఇప్పుడు చేయవలసింది ఒకటే, దాని వరుస మాత్రం తప్పకూడదు. ముందుగా ఆ సెంటర్‌తో సంబంధం లేని పరికరంలో, మీ సొంత ఫోన్‌లోనైనా సరే, మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. బ్యాంకు పాస్‌వర్డ్ మార్చే దారి కూడా ఆ మెయిల్ గుండానే పోవచ్చు కాబట్టి మెయిల్ మొదట రావాలి. తరువాత ఖాతా సెట్టింగుల్లో అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయించండి, లేకపోతే పాత ప్రవేశం అట్లాగే తెరిచి ఉండవచ్చు. మీ ఉత్తరాలు వేరే చిరునామాకు తమంతట తాము వెళ్లేలా ఎవరైనా ఏర్పాటు చేశారేమో కూడా చూడండి. దొంగ పోయినా ఆ ఏర్పాటు మిగిలి ఉంటుంది, దీన్ని చూడడం చాలామంది మరిచిపోతారు. ఆ తరువాత బ్యాంకు పాస్‌వర్డ్ మార్చండి.

డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేసి, బ్యాంకుకు ఫిర్యాదు చేసి దాని సంఖ్య రాసి పెట్టుకోవాలి. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మధ్యలో మరొకరిదైనప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లో తెలియజేస్తే నష్టం ఖాతాదారు మీద పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే కొంత పరిమితి దాకా పడుతుంది. పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పడం వంటి నిర్లక్ష్యం మనదే అయితే, తెలియజేసేదాకా పోయిన డబ్బు నష్టాన్ని మనమే భరించాలి. అందుకే ఆదివారం పోనీ, సోమవారం చూద్దాం అనుకోవద్దు.

దేవరకొండ నుంచి ఒక గృహిణి: బ్యాంకు వెబ్‌సైట్‌లో తెర మీద కనిపించే కీబోర్డును మౌస్‌తో నొక్కితే సరిపోదా?

మీటలను మాత్రమే రాసుకొనే పాతరకం లాగర్ అయితే సరిపోతుంది. మౌస్ నొక్కిన ప్రతిసారీ తెరను ఫొటో తీసే లాగర్లు వచ్చి చాలాకాలమైంది, బ్రౌజరులో కూర్చొనే రకానికి మీరు దేనితో నొక్కారన్నదే పట్టదు. పాస్‌వర్డ్‌ను వేరేచోట నుంచి కాపీ చేసి అతికించినా అంతే, కాపీ చేసిన మాటను చదవడం మీటను చదవడం కన్నా తేలిక. గత్యంతరం లేక పరాయి కంప్యూటరే వాడవలసివస్తే ఒక చిట్కా ఉంది: పాస్‌వర్డ్‌లో రెండు అక్షరాలు కొట్టి, మౌస్‌తో పేజీలో మరోచోట నొక్కి నాలుగు పిచ్చి అక్షరాలు కొట్టి, తిరిగి గడిలోకి వచ్చి మరో రెండు కొట్టడం. మీటల చిట్టా చూసేవాడికి గింజా పొట్టూ కలిసిపోతాయి. ఇది కూడా తెరను ఫొటో తీసే రకం ముందు నిలవదు కాబట్టి దీన్ని గొడుగుగా వాడుకోండి, ఇల్లుగా భావించకండి.

మహబూబ్‌నగర్ నుంచి ఒక డీటీపీ ఆపరేటర్: పాస్‌వర్డ్‌ను తెలుగులో పెట్టుకుంటే దొంగలకు అర్థం కాదని నా మిత్రుడు అంటున్నాడు. నిజమేనా? నేను రోజంతా తెలుగు కీబోర్డు మేనేజర్ తెరిచి ఉంచుతాను, దానివల్ల ప్రమాదమేమైనా ఉందా?

మీ మిత్రుడి ఆలోచన ముచ్చటగా ఉంది, కాని పైన చెప్పిన సంఖ్యల సంగతి గుర్తుకు తెచ్చుకోండి. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరికలో (లేఅవుట్‌లో) త ఎల్ మీట మీద, ర జే మీట మీద, క కే మీట మీద ఉంటాయి. మీరు ‘తరక’ అని కొట్టినా లాగర్‌కు అందేది ఎల్, జే, కే మీటల సంఖ్యలే. దొంగకు తెలుగు రావలసిన పని లేదు, అవే మీటలు అదే వరుసలో తిరిగి నొక్కితే చాలు. పైగా చాలా వెబ్‌సైట్లు పాస్‌వర్డ్‌లో తెలుగు అక్షరాలను ఒప్పుకోవు, ఒప్పుకున్నా రేపు మరొకరి కంప్యూటరులో మీ లేఅవుట్ లేకపోతే మీరే బయట నిలబడతారు.

రెండో ప్రశ్న నిజంగా ఆలోచించదగినది. తెలుగు కీబోర్డు మేనేజర్ చేసే పనేమిటి? మీరు నొక్కిన ఇంగ్లిషు మీటను వర్డ్‌కో పేజ్‌మేకర్‌కో చేరకముందే అందుకొని, దాన్ని తెలుగు అక్షరంగా మార్చి పంపడమే. అంటే కీలాగర్ నిలబడే చోటే అదీ నిలబడుతుంది, ఒకటి మార్చి పంపుతుంది, రెండోది రాసిపెట్టుకొని పంపుతుంది. అందువల్ల యాంటీవైరస్ మంచి మేనేజర్‌ను కూడా అప్పుడప్పుడు అనుమానిస్తుంది, దాన్ని చూసి విసుగెత్తి మనవాళ్లు యాంటీవైరస్‌నే ఆపేస్తారు. మేనేజర్‌ను కొనుక్కున్నారో, ఎవరో పెన్ డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ కాపీ (డబ్బు కట్టకుండా వాడే దొంగ నకలు) వేశారో మీరు రాయలేదు. క్రాక్ కాపీ అయితే, ‘యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి’ అన్న సూచన దాంతో పాటే వచ్చి ఉంటుంది. కీలాగర్‌ను ఇంట్లోకి పిలిచి పీట వేయడానికి అంతకన్నా మంచి మార్గం లేదు. డీటీపీ పని చేసే కంప్యూటరులో బ్యాంకు పని పెట్టుకోకండి. విండోస్‌లో ముందే ఉన్న తెలుగు ఇన్‌స్క్రిప్ట్ మీ పనికి సరిపోతే ఈ తలనొప్పి అసలే ఉండదు, పాత ఫాంట్లలో అచ్చు కావలసిన పెళ్లిపత్రికలకు అది సరిపోదని నాకూ తెలుసు.

గద్వాల నుంచి ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన పాఠకుడు: మా కాలంలో టైప్‌రైటర్లకు ఈ బెడద లేదు. కంప్యూటర్లు రాకపోతే ఇది పుట్టేదే కాదు కదా?

టైప్‌రైటర్‌ను అంత నమ్మకండి. 1984లో మాస్కోలోని తన రాయబార కార్యాలయం నుంచి అమెరికా పరికరాలన్నింటినీ, సుమారు 11 టన్నుల సామానును, గుట్టుగా స్వదేశానికి తెప్పించుకొని ఎక్స్‌రే తీయించింది. అక్కడా లెనిన్‌గ్రాడ్ కాన్సులేట్‌లోనూ వాడిన ఐబీఎం సెలెక్ట్రిక్ ఎలక్ట్రిక్ టైప్‌రైటర్లలో 16 యంత్రాల లోపల, పట్టీలా కనిపించే ఒక లోహపు ముక్కలో దాచిన పరికరాలు దొరికాయి. వాటిలో తొలివి 1976 నాటివి. సెలెక్ట్రిక్‌లో అక్షరాలన్నీ ఒకే గుండ్రటి బంతి మీద ఉంటాయి, ఏ మీట నొక్కితే ఆ అక్షరం ముందుకు వచ్చేలా బంతి తిరుగుతుంది, దాన్ని తిప్పే లోపలి కడ్డీలు ఒక్కో అక్షరానికి ఒక్కో విధంగా కదులుతాయి. సోవియట్ నిపుణులు ఆ కదలికల వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పును పసిగట్టి, కొంత పోగయ్యాక చిన్న రేడియో తునకలుగా బయటికి పంపారు.

రాయబారులు తమ ఉత్తరాలను గుప్తలిపిలోకి మార్చకుండా పంపేవారు కారు. ఆ గుప్తలిపిని ఛేదించవలసిన అవసరమే రాలేదు, గుప్తలిపిలోకి మారకముందే టైపిస్టు వేలి కింద పట్టుకున్నారు. నల్లగొండ సార్ అడిగిన తాళం ప్రశ్నకూ దీనికీ తేడా లేదు. మీ ఇన్‌స్టిట్యూట్‌లోని రెమింగ్టన్‌లలో కరెంటూ లేదు, బంతీ లేదు, ఆ మేరకు మీ మాటే నెగ్గింది. అయితే వాటి చప్పుడు ఉండేది. మీటల చప్పుడు విని అక్షరాలు చెప్పవచ్చని ఐబీఎం పరిశోధకులు 2004లో చూపించారు. 2023లో బ్రిటన్ పరిశోధకులు ల్యాప్‌టాప్ పక్కన పెట్టిన ఫోన్ మైకుతో నూటికి 95 మీటల దాకా సరిగ్గా గుర్తించారు. అది అదే కీబోర్డు చప్పుడుతో ముందుగా నేర్పిన ప్రోగ్రాం, కాబట్టి మన ఇళ్లలో దానికి నిద్ర మానుకోవలసిన పని లేదు.

మిర్యాలగూడ నుంచి రైసుమిల్లు గుమాస్తా: మా ఆఫీసు కంప్యూటర్ వెనక దుమ్ము తుడుస్తుంటే కీబోర్డు వైరు చివర, సీపీయూకు తగిలించేచోట, బొటనవేలంత నల్లటి ముక్క ఒకటి కనిపించింది. అది లేకుండా కూడా కీబోర్డు పనిచేస్తున్నది. యాంటీవైరస్‌లో ఏమీ చూపడం లేదు.

మీరు వర్ణించినది హార్డ్‌వేర్ కీలాగర్ కావచ్చు. యాంటీవైరస్ దాన్ని చూపదు, ఎందుకంటే అది కంప్యూటరులో నడిచే ప్రోగ్రాం కాదు, కీబోర్డుకూ కంప్యూటరుకూ మధ్య కూర్చొని వెళ్లే సంఖ్యలను తన లోపలి జ్ఞాపకంలో రాసుకొనే పరికరం. నొక్కుకు ఒక బైటు లెక్కన 16 మెగాబైట్లలో కోటీ అరవై లక్షల నొక్కులు పడతాయి, అంటే మీ మిల్లు లెక్కలు కొన్ని సీజన్లవి. కొన్నింటిని పెట్టినవాడే మళ్లీ వచ్చి తీసుకుపోవాలి, కొన్ని వైఫై మీదుగా పంపుతాయి. ఏ రకాన్నైనా బిగించడం సెకన్ల పని, స్క్రూడ్రైవర్ కూడా అక్కర లేదు.

దాన్ని మళ్లీ మళ్లీ చేత్తో ముట్టుకోకండి, చెత్తబుట్టలో అసలే వేయకండి. ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీసి, ముందుగా మీ యజమానిని అడగండి, తన కంప్యూటర్ మీద నిఘాకు ఆయనే పెట్టించి ఉండవచ్చు. ఆయనకు తెలియదంటే అది పోలీసుల చేతికి వెళ్లాల్సిన వస్తువు. ఐటీ చట్టం 66వ సెక్షన్ ఇటువంటి పనికి మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పెట్టింది. ఇతరుల పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే 66సీ వర్తిస్తుంది, అది యజమాని చేసినా సరే. ఆ కంప్యూటరులో మీ సొంత ఖాతా ఒక్కసారి తెరిచినా దాని పాస్‌వర్డును వేరే పరికరం నుంచి మార్చండి.

ఇంకొకటి. మిల్లు పత్రాలకు డిజిటల్ సంతకం టోకెన్, అంటే కంప్యూటరుకు గుచ్చి సంతకం చేసే చిన్న ముక్క, వాడుతున్నట్లయితే, దాని పిన్ దొంగకు దొరికినా టోకెన్ చేతిలో లేనిదే సంతకం పడదు. ఆ రక్షణ కోసమే దాన్ని వేరే ముక్కగా చేశారు. తీరా మన ఆఫీసుల్లో పొద్దున గుచ్చిన టోకెన్ రాత్రి షట్టర్ దించేదాకా సీపీయూకే వేలాడుతుంటుంది. కంప్యూటరు లోపలికి చేరినవాడికి అప్పుడు పిన్ ఒక్కటే కావాలి.

వనపర్తి నుంచి ఒక విద్యార్థిని: నాకు కంప్యూటర్ లేదు, అంతా ఫోన్‌లోనే. తెలుగు టైపు చేయడానికి ఒక కీబోర్డ్ యాప్ వేస్తుంటే ‘ఇది మీరు టైప్ చేసేదంతా, పాస్‌వర్డులతో సహా, సేకరించవచ్చు’ అని ఫోన్ హెచ్చరించింది. తీసేయాలా?

ఆ హెచ్చరికను ఆండ్రాయిడ్ ఏ కొత్త కీబోర్డుకైనా చూపిస్తుంది, కాబట్టి అది కనిపించినంత మాత్రాన యాప్ చెడ్డదని కాదు, కాని అందులో ఉన్న మాట అక్షరాలా నిజం. ఫోన్‌లో కీబోర్డే ఒక యాప్. దాన్ని తయారుచేసినవాడు తలచుకుంటే వేరే లాగర్ అవసరమే లేదు. ఐఫోన్‌లో పాస్‌వర్డ్ గడి రాగానే బయటి కీబోర్డు పక్కకు తప్పుకొని ఫోన్ సొంత కీబోర్డు వస్తుంది, ఆండ్రాయిడ్‌లో అట్లా కాదు. ఫోన్‌తో పాటు వచ్చిన కీబోర్డులోనే తెలుగు ఉంటుంది, సెట్టింగుల్లో భాషను చేర్చుకుంటే సరి. రంగుల బొమ్మలున్నాయని ముక్కూమొహం తెలియని కీబోర్డు వేసుకోవద్దు.

మీ వయసువారికి అంతకన్నా పెద్ద ప్రమాదం వాట్సాప్‌లో పెళ్లిపత్రిక పేరుతోనో ప్రభుత్వ పథకం పేరుతోనో వచ్చే ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను వేసే ఫైలు. పెళ్లిపత్రిక బొమ్మగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది, యాప్‌గా రాదు. అటువంటి యాప్ వేయగానే యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. చూపు లేనివారికి సాయం కోసం పెట్టిన ఈ అనుమతితో యాప్ తెర మీద ఉన్నది చదవగలదు, మీ బదులు తానే నొక్కగలదు. ఎస్సెమ్మెస్ అనుమతి కూడా ఇస్తే ఓటీపీ మీకన్నా ముందు దానికి అందుతుంది. ప్లే స్టోర్ బయటి యాప్‌లకు ఈ అనుమతిని ఆండ్రాయిడ్ 13 నుంచి కొంత బిగించారు. అందుకే మోసగాళ్లు ఇప్పుడు ఫోన్ చేసి, ఆ బిగింపును ఎక్కడ విప్పాలో ఒక్కో అడుగూ మీచేతే చేయిస్తారు. ఇప్పుడే సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ తెరిచి, అక్కడ మీకు తెలియని పేరేదైనా ఆన్‌లో ఉన్నదేమో చూడండి.

మెయిల్ ఖాతాకు వీలుంటే పాస్‌కీ పెట్టుకోండి. అందులో మీరు వేలిముద్రతో ఫోన్‌ను తెరుస్తారు, ఆపైన ఫోనే వెబ్‌సైట్‌తో మాట్లాడుకుంటుంది. మీరు టైపు చేసే రహస్యమే లేకపోతే లాగర్ రాసుకోవడానికి ఏమీ మిగలదు.

జడ్చర్ల నుంచి ఒక నెట్ సెంటర్ యజమాని: మీ వ్యాసం చదివిన కస్టమర్లు నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నారు. నా ఎనిమిది కంప్యూటర్లలో ఇది జరగకుండా నేనేం చేయాలి?

మీ బాధ న్యాయమైనదే. చాలామార్లు లాగర్ పెట్టేది యజమాని కాదు, గంటకు డబ్బు కట్టి కూర్చున్న మరో కస్టమర్. ముందుగా, వచ్చినవారిని అడ్మినిస్ట్రేటర్ ఖాతాలో, అంటే కంప్యూటరులో ఏ మార్పైనా చేయగల ఖాతాలో, కూర్చోబెట్టడం మానండి. సాధారణ ఖాతాలో కూడా చిన్నరకం లాగర్ నడుస్తుంది గాని డ్రైవర్ స్థాయికి దిగలేదు. కంప్యూటర్ తిరిగి ఆన్ చేసిన ప్రతిసారీ పాత స్థితికి వచ్చే సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది, అది వేసి ఒక్కో కస్టమర్ లేచిన తరువాత రీస్టార్ట్ చేయండి. ఆ రెండు నిమిషాలు పోతాయని చూడకండి. విండోస్ అప్‌డేట్లు ఆపి ఉంటే తెరవండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచితంగా ఇచ్చే శుభ్రపరిచే పనిముట్లతో నెలకోసారి అన్నింటినీ చూడండి.

సాఫ్ట్‌వేర్‌తో తీరని భాగం బల్ల కింద ఉంది. సీపీయూలను గోడవైపు తిప్పి చీకట్లో పెట్టారు కదా, వాటిని వెనక భాగం కనిపించేలా ఇటు తిప్పి, కీబోర్డు వైరు సీపీయూలోకి దూరేచోటును కూర్చున్న మనిషికి కనిపించేలా పెట్టండి. పొద్దున షట్టర్ ఎత్తగానే ఎనిమిదింటినీ మీరొకసారి చూడండి, తక్కిన రోజంతా కస్టమర్లే చూసుకుంటారు.